సైన్స్ ఫిక్షన్ కవచం, హెల్మెట్ మొదటిసారి చేస్తున్నారా? పట్టీల దగ్గర మొదలుపెట్టండి

మీరు అడిగింది క్లుప్తంగా ఇదీ: అంతరిక్ష సైనికుడి కవచం తల నుంచి కాలి దాకా చేయాలి, చేతిలో కొత్త త్రీడీ ప్రింటర్ ఉంది, వేడుకకు మూడు నెలల గడువుంది. మొత్తం ప్రింట్ చేయాలా, ఫోమ్‌తో చేయాలా? హెల్మెట్ సైజు ఎలా తేల్చుకోవాలి? ప్రింట్ మీద వచ్చే పొరల గీతలు కనబడకుండా లోహంలా మెరవాలంటే ఏం చేయాలి? లోపల ఊపిరాడుతుందా?

నాలుగూ అడగాల్సిన ప్రశ్నలే. మీరు అడగని అయిదోది ఒకటుంది, నా లెక్కలో అదే మొదటిది. ఈ ముక్కలన్నీ మీ ఒంటిమీద దేన్ని పట్టుకుని వేలాడతాయి? ఏళ్ల తరబడి ఇవి చేస్తూ, తొడుక్కుంటూ, వేరేవాళ్లవి బాగుచేస్తూ ఉన్నాను. నా దగ్గరికి బాగుచేయమని వచ్చేవాటిలో రంగు చెడినవి తక్కువ. తొడ ముక్క మోకాలి మీదకి జారిపోతోందనో, ఛాతీ పలక గడ్డానికి తగులుతోందనో, భుజం ముక్క తిరిగి వెనక్కి పోతోందనో తెస్తారు. ఇవన్నీ పట్టీల తప్పులు. రంగు వేసేశాక పట్టీల గురించి ఆలోచిస్తే అతికించడానికి చోటుండదు, లోపల ఖాళీ ఉండదు.

అందుకే ఒక్క ముక్క కూడా కోయకముందు మీ బొమ్మ ముందూ వెనకా గీసుకుని, ఏ ముక్క బరువు ఎక్కడికి పోతుందో బాణం గుర్తులు పెట్టండి. ఛాతీ, వీపు పలకలు భుజాల మీద రెండు పట్టీలతో కలుస్తాయి, పక్కల ఎలాస్టిక్‌తో బిగుస్తాయి. భుజం ముక్కలు ఆ పట్టీలకు వేలాడతాయి, మోచేతి పై ముక్కలు భుజం ముక్కలకు వేలాడతాయి. తొడ ముక్కలకు నడుం బెల్టు ఆధారం. బెల్టు ఆ బరువుకి కిందికి జారుతుంది కాబట్టి దానికి లోపలి నుంచి భుజాల మీదుగా సస్పెండర్లు ఉండాలి. పిక్క ముక్కలు బూటు మీద ఆనుకుంటే చాలు. ముంజేతి ముక్కలకు వెల్క్రో సరిపోతుంది.

పట్టీ ఎలా కట్టాలో కాస్త దగ్గరగా చెప్తాను. 25 మిల్లీమీటర్ల వెడల్పున్న నైలాన్ పట్టీ తీసుకోండి. దాన్ని అయిదు సెంటీమీటర్ల ముక్కలుగా కోసి, పోగులు ఊడకుండా అంచుల్ని మంటకి చూపించండి. ప్రతి ముక్క మధ్యలో టిచ్ బటన్ రెండు భాగాల్లో ఒకదాన్ని బిగించండి. ఆ ముక్కను కవచం లోపలి వైపు అతికించండి. ప్లాస్టిక్ అయితే ఇ6000 లాంటి సాగే జిగురు వాడి, మూడు రోజులు ముట్టుకోకుండా వదిలేయండి. ఫోమ్ అయితే కాంటాక్ట్ సిమెంట్ (రెండు వైపులా పూసి, ఆరాక కలిపే జిగురు) చాలు. బటన్ రెండో భాగం ఎలాస్టిక్ పట్టీ చివర ఉంటుంది. ఎవరైనా మిమ్మల్ని రాసుకుంటూ పోయినా, మీరు తూలినా బటన్ టక్కున ఊడుతుంది, కవచం పగలదు. మళ్లీ నొక్కితే అతుక్కుంటుంది. నేరుగా పట్టీనే జిగురుతో అంటించేస్తే ఆ లాగుడంతా జిగురు మీద పడి, అది జనం మధ్యలోనే ఊడొస్తుంది.

ఇంకొకటి, కీళ్ల దగ్గర ఖాళీ వదలండి. మోచెయ్యి మడిచినప్పుడు రెండు అంచులు కలిసి చర్మాన్ని పట్టి నొక్కుతాయి. ఈ పని చేసేవాళ్లు దీన్ని ‘ఆర్మర్ బైట్’ అంటారు, ఒకసారి కొరికితే రోజంతా మంట. మడిచే చోట రెండు మూడు సెంటీమీటర్ల ఖాళీ ఉంచి, అంచుల్ని గుండ్రంగా తోమండి. లోపల ఒంటికి అతుక్కునే నల్లటి బిగుతు దుస్తులు ఉంటే ఆ ఖాళీ బయటికి కనపడదు.

ఇప్పుడు మీ మొదటి ప్రశ్న. ఒంటికి ఫోమ్, తలకి ప్రింట్. మూడు నెలల గడువుకి ఇంతకంటే మంచి దారి నాకు తెలియదు. ఫోమ్ వంగుతుంది, తేలిగ్గా ఉంటుంది, కింద పడినా పగలదు, కూర్చోనిస్తుంది. మొత్తం ప్రింట్ చేస్తే చూపుకి గొప్పగానే ఉంటుంది గానీ బరువు రెండు మూడు రెట్లు సులువుగా దాటుతుంది, ఒక్క చిన్న ప్రింటర్ మీద మూడు నెలలూ అదే పని అవుతుంది. పైగా ఇళ్లలో ప్రింటర్లకి ఎక్కువగా వాడే పీఎల్ఏ ప్లాస్టిక్ దాదాపు 60 డిగ్రీల దగ్గర మెత్తబడుతుంది. ఎండలో మూసి ఉంచిన కారులో వదిలేస్తే ఛాతీ పలక వంగిపోయి మళ్లీ మాట వినదు. వేరే రకం ప్లాస్టిక్‌లలో పీఈటీజీ దాదాపు 80 దాకా, ఏబీఎస్ 100 దాకా ఆగుతాయి. ఏబీఎస్ ప్రింట్ చేయడం కొత్తవాళ్లకి కష్టం, చల్లారేటప్పుడు మూలలు లేచిపోతాయి. హెల్మెట్‌కి పీఎల్ఏ వాడి, ఎండలో వదలకుండా చూసుకుంటే చాలు. హెల్మెట్‌ని ప్రింట్ చేయమనడానికి కారణం, చూసేవాళ్ల కళ్లు మొదట ముఖం మీదే పడతాయి. అక్కడ గీతలు సూటిగా, కుడి ఎడమలు సమానంగా ఉండాలి.

మూడో దారి ఒకటి మీ చెవిన పడే ఉంటుంది, వాక్యూమ్ ఫార్మింగ్. పలుచటి ప్లాస్టిక్ రేకుని వేడిచేసి, అచ్చు మీద పరిచి, కింద నుంచి గాలి లాగేస్తారు. 1977 నాటి స్టార్ వార్స్‌లో తెల్ల కవచాల సైనికుల దుస్తులు చేసింది ఇలాగే. అచ్చు ఉన్నవాళ్లకి వేగంగా అయ్యే పని. ఒక్క కవచానికి అచ్చులు చెక్కుకుంటూ కూర్చోవడం మీ గడువుకి కుదరదు. కాగితం మీద పెపకురా సాఫ్ట్‌వేర్‌తో విప్పిన నమూనా ముద్రించి, మడిచి అతికించి, పైన రెసిన్, లోపల ఫైబర్‌గ్లాస్ వేసే పద్ధతి కూడా ఉంది. ప్రింటర్లు ఇళ్లలోకి రాకముందు చాలామంది హెల్మెట్లు అలాగే పుట్టాయి. దానికి నేను వద్దంటాను. పాలిస్టర్ రెసిన్ నుంచి వచ్చే స్టైరీన్ ఆవిరి మామూలు దుమ్ము మాస్క్‌కి ఆగదు, ఆర్గానిక్ వేపర్ కార్ట్రిడ్జ్ ఉన్న రెస్పిరేటర్ కావాలి. గాలాడని గదిలో ఆ పని అసలు వద్దు.

ఫోమ్ పని మీద కొన్ని మాటలు. కొనేటప్పుడు దట్టంగా ఉన్న ఈవీఏ ఫోమ్ (రబ్బరులా వంగే మెత్తటి ప్లాస్టిక్ రేకు) అడగండి. వేలితో నొక్కి వదిలితే గుంట వెంటనే పూడాలి. ఛాతీ, వీపు, తొడలకు 10 మిల్లీమీటర్లు, చేతులకు 5 లేదా 6, పైన అతికించే చిన్న చిన్న వివరాలకు 2. కొలతల కోసం ఒంటికి పలుచటి ప్లాస్టిక్ చుట్టించుకుని, దాని మీద టేప్ వేయించుకుని, కవచం గీతలు మార్కర్‌తో ఒంటిమీదే గీయించుకోండి. తర్వాత జాగ్రత్తగా కత్తిరించి పరిస్తే మీ ఒంటి ఆకారం నమూనాగా చేతికొస్తుంది. ఎవరో అప్‌లోడ్ చేసిన నమూనా కంటే ఇదే నాకు నమ్మకం.

బ్లేడు పదును ఇంకా ఉన్నట్టు అనిపించినా మార్చేయండి. మొద్దుబారిన బ్లేడు ఫోమ్‌ని కోయదు, చీలుస్తుంది. ఆ గరుకు అంచు ఎంత రంగు వేసినా దాగదు. కాంటాక్ట్ సిమెంట్ రెండు అంచులకీ పూసి, వేలికి అంటకుండా ఆరేదాకా ఆగి, అప్పుడు కలపండి. తడిగా ఉన్నప్పుడే కలిపితే పట్టు సగమే వస్తుంది. కలిపాక సర్దడానికి వీలుండదు కాబట్టి ఒక చివర నుంచి వేలితో నొక్కుకుంటూ పోండి.

ఫోమ్‌లో నాకు అన్నిటికంటే ఇష్టమైన ఘట్టం వేడి గాలి ఊదే హీట్ గన్ పట్టడం. కోసిన ఫోమ్ పైన సన్నని రంధ్రాలతో, పొడిపొడిగా, మసక రంగులో ఉంటుంది. హీట్ గన్ చేతి వెడల్పు దూరంలో పెట్టి నెమ్మదిగా కదిలిస్తుంటే, వేడి పోయిన దారంతా ఆ మసక తొలిగి కొంచెం నిగనిగ వస్తుంది. రంధ్రాలు మూసుకున్నాయని దానర్థం. ఆ మెరుపు కనపడగానే ముందుకి జరగాలి, అక్కడే ఆగితే బుడగలు లేస్తాయి. అదే వేడి మీద ముక్కని మోకాలి మీదో సీసా మీదో వంచి, చల్లారేదాకా చేతుల్తో పట్టుకుంటే వంపు నిలిచిపోతుంది. అతికించకముందే వంపు తేవాలి. చదునుగా అతికించి తర్వాత వంచుదామనుకుంటే అతుకులు నోరు తెరుస్తాయి. కిటికీలు తీసే ఈ పని చేయండి. ఫోమ్‌ని గ్రైండర్‌తో తోమేటప్పుడు మాస్క్ తప్పనిసరి, ఆ పొడి చాలా సన్నగా గాల్లో తేలుతుంది. చివర రంగుకి ముందు సాగే రబ్బరు పూత మూడు నాలుగు సార్లు వేయండి. మామూలు గట్టి ప్రైమర్ నేరుగా వేస్తే మొదటిసారి వంగగానే పెచ్చులు లేస్తుంది.

ఇక హెల్మెట్ సైజు. చాలామంది తల చుట్టుకొలత ఒక్కటే చూసుకుంటారు. దానికంటే రెండు కొలతలు ముఖ్యం. చెవి నుంచి చెవి దాకా వెడల్పు ఒకటి, ముక్కు కొన నుంచి తల వెనక దాకా లోతు రెండోది. గోడకి తల ఆనించి, ముక్కుకి ఒక అట్ట నిటారుగా తగిలిస్తే గోడకీ అట్టకీ మధ్య దూరం ఆ లోతు. ప్రతి వైపూ ఫోమ్ మెత్తలకి రెండు సెంటీమీటర్లు కలపండి. ఆ తర్వాత మెడ దగ్గరి రంధ్రం చూడండి. లోపల తలకి చోటున్నా, ఆ రంధ్రంలోంచి గడ్డం, ముక్కు దాటకపోతే తొడుక్కోలేరు. డిజైన్‌లో మెడ ఇరుకైతే వెనక భాగాన్ని వేరుగా ప్రింట్ చేసి అయస్కాంతాలతో పట్టించండి. గుండెకి పేస్‌మేకర్ ఉన్నవాళ్లెవరూ ఆ అయస్కాంతాల దగ్గరికి రాకుండా చూడండి.

ఫిలమెంట్ (ప్రింటర్‌లో వేసే ప్లాస్టిక్ తీగ) వృథా కాకుండా సైజు సరిచూసుకునే దారి ఉంది. స్లైసర్‌లో, అంటే మోడల్‌ని ప్రింటర్ కోసం పొరలుగా విడగొట్టే సాఫ్ట్‌వేర్‌లో, హెల్మెట్‌ని నుదుటి దగ్గరా మెడ రంధ్రం దగ్గరా అడ్డంగా కోసి, అయిదు మిల్లీమీటర్ల మందంతో రెండు ఉంగరాలు మాత్రమే ప్రింట్ చేయండి. తలకి తొడిగి చూడండి. అవి సరిపోతే అప్పుడు మొత్తం మొదలుపెట్టండి. సందేహంతో పెద్ద సైజు ఎంచుకోవద్దు. సన్నటి భుజాల మీద పెద్ద తలకాయ కనపడితే ఎంత మంచి రంగైనా ఆ కవచాన్ని నిలబెట్టలేదు. అలాగని ఒక్క హెల్మెట్ పెట్టుకుని అద్దంలో చూసి పెద్దదని నిర్ణయించకండి, ఛాతీ, భుజం ముక్కలు తొడిగాక లెక్క మారుతుంది.

ప్రింట్ సెట్టింగులు పెద్ద విషయమేమీ కాదు: పొర 0.2 మిల్లీమీటర్లు, గోడలు మూడు నాలుగు, లోపలి నింపుడు 10 నుంచి 15 శాతం. బలం గోడల నుంచి వస్తుంది. హెల్మెట్ నడినెత్తి పైకి ఉండేలా ప్రింట్ చేస్తే అక్కడ మెట్లు మెట్లుగా వస్తుంది, కాబట్టి ముక్కలు విడగొట్టేటప్పుడు ఆ గుండ్రటి భాగం నిటారుగా నిలబడేలా తిప్పండి. తోమే పని సగానికి తగ్గుతుంది.

మెరుపు విషయానికొస్తే ఓపిక పెట్టాల్సింది ఇక్కడే. 120 నంబరు ఉప్పు కాగితంతో గీతల శిఖరాల్ని మాత్రమే కొట్టేయండి. మెషీన్‌తో గట్టిగా తోమితే పీఎల్ఏ వేడెక్కి జిగురులా సాగుతుంది, చేత్తోనే చేయండి. తర్వాత సన్న గీతల్ని పూడ్చే ఫిల్లర్ ప్రైమర్ కొట్టి, ఆరాక 220తో తోమండి. గుంటలు కనపడిన చోట సన్నటి లప్పం పెట్టండి. మళ్లీ ప్రైమర్, 400, ఆపైన నీళ్లతో 600. ఎప్పుడు ఆపాలో కంటికి తెలియదు. బూడిద రంగు ప్రైమర్ మీద నల్ల స్ప్రే దూరం నుంచి చుక్కలు చుక్కలుగా పడేలా చల్లండి. మెత్తటి ఉప్పు కాగితాన్ని చదునైన చెక్క ముక్కకి చుట్టి తోమండి. ఎత్తున్న చోట నలుపు పోతుంది, పల్లంలో మిగిలిపోతుంది. ఏ గీత ఎక్కడ దాక్కుందో మ్యాప్ గీసినట్టు కనిపిస్తుంది. ఆ నల్ల మరకలకే లప్పం పెట్టి, మళ్లీ చుక్కలు చల్లి చూడండి. నలుపు ఎక్కడా మిగలకపోతే రంగుకి సిద్ధం.

లోహపు మెరుపు కావాలంటే ముందు నిగనిగలాడే నలుపు రంగు అద్దంలా రావాలి, మెటాలిక్ రంగు దాని మీదే నిలుస్తుంది. క్రోమ్ రంగుల మీద క్లియర్ కోట్ (రంగు లేని పై పూత) వేస్తే మెరుపు చచ్చిపోయి బూడిదవుతుంది, ముందు పాత ముక్క మీద వేసి చూసుకోండి. ఎనామిల్ మీద లాకర్ వేస్తే అడుగు రంగు ముడతలు పడుతుంది, కాబట్టి ఒకే రకం రంగులు అన్ని పొరలకీ వాడితే గొడవ ఉండదు. రెండు భాగాలు కలిపి కొట్టే టూకే క్లియర్‌లో ఊపిరితిత్తులకు హాని చేసే ఐసోసైనేట్లు అనే రసాయనాలు ఉంటాయి. సరైన రక్షణ లేకుండా దాన్ని ఇంట్లో కొట్టకండి.

నా సలహా అడిగితే మొదటి కవచానికి అద్దంలాంటి మెరుపు వద్దు, యుద్ధంలో నలిగిన కవచం చేయండి. అడుగున వెండి రంగు వేసి, గీరుకుపోయినట్టు కనపడాల్సిన చోట స్పాంజితో మాస్కింగ్ ద్రవం అద్ది, పైన అసలు రంగు కొట్టి, ఆరాక వేలితో రుద్దితే అక్కడ వెండి బయటపడుతుంది. చిన్న చిన్న లోపాలు అందులో కలిసిపోతాయి. అయితే ఎక్కడపడితే అక్కడ గీతలు పెట్టకండి. ఈ మనిషి ఎలా నడిచి ఉంటాడు, ఏ చేత్తో ఆయుధం పట్టి ఉంటాడు, ఏ మోకాలి మీద కూర్చుని ఉంటాడు అని ఆలోచించండి. అంచులు, మోకాళ్లు, ముంజేతి లోపలి వైపు అరుగుతాయి. మురికి మూలల్లో చేరి కిందికి కారుతుంది. నీరు కలిపిన నల్ల ఆక్రిలిక్ పూసి వెంటనే బట్టతో పైనుంచి కిందికి తుడిస్తే ఆ కారిన చార సహజంగా వస్తుంది.

ఊపిరి సంగతి. ఆడుతుంది, మీరు దారి ఇస్తేనే. మీ ఊపిరిలోని తేమ మొదట ముక్కు ఎదురుగా విజర్ (కళ్ల ముందుండే పారదర్శక పలక) మీద చిన్న తెల్ల మచ్చలా పడుతుంది, చూస్తుండగానే రెండు వైపులా పాకుతుంది, కాసేపటికి ఎదుటి మనిషి ఆకారం తప్ప ఏమీ కనపడదు. దీనికి 5 వోల్టుల చిన్న ఫ్యాన్లు రెండు కావాలి. ఒకటి గడ్డం దగ్గర బయటి గాలిని లోపలికి తెచ్చి విజర్ మీదుగా పైకి తోస్తుంది. రెండోది తల వెనక పైభాగంలో వేడి గాలిని బయటికి పంపుతుంది. రెండూ లోపలికే ఊదితే గాలి తిరగదు. పవర్ బ్యాంక్ హెల్మెట్‌లో పెట్టకండి, లిథియం బ్యాటరీ ముఖం పక్కన ఉండకూడదు. నడుం దగ్గర సంచిలో పెట్టి, మెడ దగ్గర లాగితే ఊడొచ్చే ప్లగ్ పెట్టండి. హెల్మెట్ ఒక్క లాగుతో తీసేయగలగాలి. విజర్ లోపలి వైపు చుక్క సబ్బుద్రవం రాసి, మెత్తటి బట్టతో మచ్చ కనపడనంత వరకూ తుడిచినా ఆవిరి బాగా తగ్గుతుంది. హెల్మెట్ లోపలంతా మసక నలుపు పూయండి, మీ ముఖం బయటికి కనపడదు, లోపలి వెలుగు విజర్ మీద ప్రతిఫలించదు.

విజర్ ఎంత నల్లగా ఉంటే అంత బాగుంటుందని అనిపిస్తుంది. వేడుక జరిగే హాల్లో వెలుతురు మీ గదిలోకంటే తక్కువ ఉండొచ్చు. మసక వెలుతురులో మెట్లు దిగి చూశాకే ఆ రంగు ఖాయం చేసుకోండి. స్టార్ వార్స్ మొదటి సినిమాలో ఒక తెల్ల కవచం సైనికుడు తలుపులోంచి వస్తూ పైభాగానికి తల కొట్టుకోవడం తెర మీదే ఉండిపోయింది. సెట్ మీద పడిన ఆ ఇబ్బందే మీకూ ఉంటుంది: కింద పాదాలు కనపడవు, పక్కన పిల్లలు కనపడరు. అందుకే పక్కన ఒక మనిషి తప్పనిసరి. హెల్మెట్ తీయాలని చెప్పడానికి ఒక చేతి సంజ్ఞ ముందే అనుకోండి. ఆ మనిషి జేబులో టేపు, సూపర్ గ్లూ, రెండు టిచ్ బటన్లు, స్ట్రా ఉన్న నీళ్ల సీసా ఉండాలి. అరగంటకో ముప్పావు గంటకో హెల్మెట్ తీసి నీళ్లు తాగండి, దాహం వేసేదాకా ఆగకండి. తల తిరిగినా, వికారం వచ్చినా, తల బరువెక్కినా ఫొటోల కోసం నిలబడి ఉన్నా సరే అక్కడే తీసేయాలి. దీని మీద నేను ఎవరితోనూ రాజీ పడను.

ఏదైనా బృందంలో చేరే ఆలోచన ఉంటే పని మొదలుపెట్టకముందే వాళ్ల ప్రమాణాలు చదవండి. 1997లో మొదలైన 501వ లెజియన్ (స్టార్ వార్స్ దుస్తులు వేసుకునే అభిమానుల సంఘం) లాంటివి ప్రతి కవచానికీ ఏ ముక్క ఎలా ఉండాలో రాసిపెట్టి, ఫొటోలు చూసి ఆమోదిస్తాయి. మీ సొంతానికి చేసుకోవడం ఒక సంగతి, చేసి అమ్మడం వేరే సంగతి. ఆ తెల్ల హెల్మెట్ల మీదే స్టార్ వార్స్ తీసిన లూకాస్‌ఫిల్మ్ వేసిన దావా బ్రిటన్ సుప్రీంకోర్టు దాకా వెళ్లింది. 2011లో ఆ కోర్టు, బ్రిటన్ చట్టం కింద హెల్మెట్ శిల్పం కాదు, కాబట్టి శిల్పానికుండే కాపీరైట్ దానికి రాదంది. అదే తీర్పులో అమెరికా కాపీరైట్ ఉల్లంఘన మీద మాత్రం బ్రిటన్ కోర్టులోనే విచారణ జరపవచ్చంది. అమ్మాలనుకుంటే మీ దేశపు చట్టం తెలుసుకోకుండా దిగవద్దు.

మూడు నెలలు సరిపోతాయా అంటే, ఈ వారమే ఉంగరాలు ప్రింట్ చేస్తే సరిపోతాయి. మొదటి నెల ప్రింటర్ హెల్మెట్ మీద పనిచేస్తుంటే మీరు ఫోమ్ నమూనాలు, ఛాతీ, వీపు పూర్తిచేయండి. రెండో నెలలో కాళ్లూ చేతులూ, పట్టీలన్నీ. రంగు వేయకముందే అన్నీ తొడుక్కుని ఒక గంట ఇంట్లో తిరగండి: కూర్చోండి, వంగి కింద పడ్డ వస్తువు తీయండి, చేతులు పైకెత్తండి, బాత్రూంకి వెళ్లిరాగలరో చూడండి. ఎక్కడ గుచ్చుకుందో సుద్దతో గుర్తు పెట్టి కోసేయండి. రంగులన్నీ మూడో నెల మొదటి రెండు వారాల్లో అయిపోవాలి, ఆరడానికి మిగతాది కావాలి. మీ ఎత్తు, ఛాతీ చుట్టుకొలత, భుజం నుంచి నడుం దాకా పొడవు, ముంజేతి పొడవు, హెల్మెట్ కోసం పైన చెప్పిన రెండు కొలతలు ఇక్కడ పెట్టండి. ఏ ముక్కని ఎంత శాతం పెంచాలో, దేన్ని తగ్గించాలో లెక్క కట్టి చెప్తాను.